ఇనుముకు ఊరడిగే మనిషి

మొన్న శుక్రవారం పొద్దున దోహాలో, మన్సూరాలో నలుగురం కూర్చుని ఇడ్లీలు తింటుంటే నా ఫోనుకి కోరుట్ల నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"సార్, నేను ఉస్తాద్ పెద్దకొడుకును. మా అబ్బాజాన్ పోయిండు. నిన్న దఫన్ అయింది. ముందుగాలనే చెప్పి పెట్టిండు సార్, నేను పోతె ఖతర్ల ఉన్న కోతల సార్‌కు ఒక మెసేజ్ కొట్టున్రి అని."

కోతల సార్ అంటే నేనే. పోయేముందు కూడా ఆ మనిషి నన్ను ఆ పేరుతోనే తలుచుకున్నాడని నాకు కోపం రాలేదు. ఇడ్లీ పళ్ళెం మాత్రం పక్కకి జరిపేశాను.

"ఎవరండీ పోయింది?" అని ఎదురుగా ఉన్న ఇంజనీరుగారు అడిగారు.

"తుపాకీల కులగోత్రాలు చెప్పే మనిషండి. ఇనుపముక్క చేతిలో పెడితే దాని సొంతూరు చెప్పేవాడు," అన్నాను.

"మొదలెట్టారా!" అని అందరూ నవ్వారు. నేను చెప్పేదాంట్లో సగం కోసేసి వినడం మన్సూరాలో అలవాటైపోయింది. అది నా స్వయంకృతమే. కాని ఈ మనిషి విషయంలో కోయడానికేమీ లేదు. మీరు నమ్మరన్న భయంతో కొన్నిచోట్ల నేనే తగ్గించి చెబుతున్నాను.

ఉమ్ సలాల్‌లో ఒక ఖతరీ కుటుంబానికి పెద్ద తోట ఉంది. మూడు తరాలుగా వాళ్ళు పోగేసిన పాత సామానంతా ఆ తోటలో ఒక పొడవాటి హాల్లో పెట్టారు. కాఫీ కూజాలు, చెక్క తలుపులు, ముత్యాలు తూచే త్రాసులు, గోడ నిండా పాతకాలపు తుపాకులు. తుపాకుల గొట్టాలన్నీ మూయించేసినవే, పేలేది ఒక్కటీ లేదు. ఆ హాలు తాళాలు నా దగ్గర ఉండేవి. కాగితాల మీద స్టోర్ కీపర్ని. వచ్చిన అతిథుల ముందు మాత్రం మ్యూజియం సార్ని. పక్క షెడ్డులో ఆ సామాను బాగుచేసే పని ఆయనది. తోటలో అరబ్బులు, బెంగాలీలు, నేపాలీలు, అందరికీ ఆయన ఉస్తాదే. నేను ఉస్తాద్ గారూ అనేవాణ్ణి.

"ఉస్తాద్ అన్నంక మల్ల గారెందుకు తమ్మీ? ఒక్క మనిషికి రెండు టోపీలు పెడ్తవా?" అనేవాడు.

బక్కపలచని మనిషి. కళ్ళజోడుకి ఒకవైపు కాడ లేదు, ఆ వైపు దారం చెవికి చుట్టుకునేవాడు. చొక్కా జేబు అంచుకి ఎప్పుడూ ఒక కుట్టుమిషన్ సూది గుచ్చి ఉండేది. కోరుట్లలో కుట్టుమిషన్లు బాగుచేసినవాడు. తుపాకీ మీద చెక్కిన గుర్తుల్లో వందేళ్ళ మట్టి పేరుకుని ఉంటే ఆ సూదితో ఒక్కొక్క రేణువే లాగేవాడు, చెవిలో గులిమి తీసినంత జాగ్రత్తగా. ఆయన షెడ్డులోకి అడుగుపెడితే స్క్రూలు వాటంతటవే లేచి నిలబడేవని నేనంటే నమ్మకండి. కొంచెం కదిలేవి, అంతే.

ఏ వస్తువు చేతికిచ్చినా ఆయన మొదట దాని వయసు అడగడు. "నీది ఏ ఊరు?" అని అడిగేవాడు. మమ్మల్ని కాదు, ఆ వస్తువునే. తర్వాత గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. వాసన చూసేవాడు. ఇత్తడైతే నాలుక కొసతో తాకేవాడు. మనుషుల సంగతీ అంతే. నేను మొదటిరోజు "నమస్కారమండి, కొత్తగా చేరానండి" అన్నానో లేదో, "పిఠాపురం దిక్కేనా?" అన్నాడు. మా ఊరు పిఠాపురానికి ఆరు కిలోమీటర్లు. ఆ ఆరు కిలోమీటర్ల తేడాని ఆయన వారం రోజులు మనసులో పెట్టుకున్నాడు.

ఒకసారి వేలంలో కొన్న పెట్టె ఒకటి వచ్చింది. దాన్నిండా విడిపోయిన తుపాకీ ముక్కలు. బోల్టులు, స్ప్రింగులు, పట్టీలు, ట్రిగ్గర్లు, పిడులు. ఉస్తాద్ చాప పరిచి, పెళ్ళివారిని విడిదిళ్ళలో దింపినట్టు వాటిని కుప్పలు పెట్టడం మొదలుపెట్టాడు. ఇది ఇంగ్లిస్తాన్, ఇది జర్మన్, ఇది టర్కీ, ఇది పెషావర్ బజారు. పెషావర్ కుప్ప చూసి నేను, "అంటే ఇవి నకిలీవన్నమాట," అన్నాను.

ఆయన కళ్ళజోడు మీదనుంచి నన్ను చూశాడు. "నకిలీ అంటే ఏంది? గిది ఎక్కడో ఒకకాడ పుట్టింది గద. ఎవడో ఒకడు కొలిమి ముందట చెమటోడ్చి చేసిండు గద. వాని పేరు జెప్పుకోనియ్యక ఇంగ్లీషోని ముద్ర కొట్టుమన్నరు. తప్పు ముద్రది. ముక్క ఏం జేసింది?"

చివరికి ఒక్క స్ప్రింగు మిగిలింది. మూడు రోజులు దాన్ని జేబులో వేసుకు తిరిగాడు. అన్నం తింటూ తీసి చూసేవాడు. నాలుగో రోజున దాన్ని వేరే డబ్బాలో వేసి, "రాయి తమ్మీ, ఊరు తెల్వదు అని," అన్నాడు. ఏదో ఒక దేశం పేరు రాసేస్తే ఎవడికి తెలుస్తుందండీ అన్నాను. "స్ప్రింగుకు తెలుస్తది," అన్నాడు.

ముక్కకు ఊరు తప్పు చెబితే అంత పట్టింపు. కాని ఇంటినుంచి భార్య ఫోన్ చేసి, "దుబాయ్ల ఎండలు ఎట్లున్నయి?" అని అడిగితే, "మస్తున్నయి" అని ఊరుకునేవాడు. ఇరవయ్యేళ్ళుగా ఖతర్‌లో ఉండి ఒక్కసారీ దిద్దలేదు. ఇదేం న్యాయమండీ అంటే, "ఆమెకు నేను దూరమున్న అని ఎరుకే. ఎంత దూరమో నువ్వు లెక్క జెప్తవా?" అన్నాడు.

ఇప్పుడు నడిమి గోడ మీది తుపాకీ సంగతి చెప్పాలి.

హాలుకి అదే దేవుడు. ఇప్పటి యజమాని తాతగారిది. అంటే, మేం పెద్ద బాబా అని పిలిచే పాత యజమానికి తండ్రిగారిది. పెద్ద బాబా పోయాక కొడుకు చిన్న బాబా దాన్ని గాజుపెట్టెలో పెట్టించాడు. వచ్చినవాళ్ళందరికీ దాని కథ నేనే చెప్పేవాణ్ణి. తాతగారు పేల్చిన గుండు బహ్రెయిన్ దాకా వెళ్ళి, తగలడానికి ఎవరూ దొరక్క సిగ్గుపడి తిరిగొచ్చిందని చెబితే అతిథులు పడీపడీ నవ్వేవారు. చివర్లో గొంతు తగ్గించి, "ఇంగ్లండు ఫ్యాక్టరీలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది సార్, ఒక్క స్క్రూ కూడా మారలేదు," అనేవాణ్ణి. అలా చెప్పమని నాకెవరూ చెప్పలేదు. మాట గంభీరంగా ఉందని చెప్పాను. చెప్పగా చెప్పగా నేనే నమ్మాను. చిన్న బాబా అయితే నాకంటే ముందే నమ్మాడు.

ఆరేళ్ళ క్రితం, ఆ సామానంతా ఫోటోలతో పుస్తకంగా వేయాలని చిన్న బాబా ఒక తెల్లాయన్ని పిలిపించాడు. పాత తుపాకుల పండితుడు. తలకు లైటు కట్టుకుని, భూతద్దం పట్టుకుని రెండు రోజులు హాలంతా తిరిగాడు. రెండోరోజు మధ్యాహ్నం తాతగారి తుపాకీ గాజుపెట్టెలోంచి తీయించి, విప్పి చూసి, పెదవి విరిచాడు.

"ఇది పాత తుపాకీ కాదు. పాతదానిలా కనబడేటట్టు ముక్కలు కూర్చి కట్టింది. ఒక్క ముక్కమీది నంబరు ఇంకో ముక్కమీది నంబరుతో కలవడం లేదు. ఈ ట్రిగ్గర్ గార్డైతే మరీ కొత్తది," అన్నాడు. ట్రిగ్గర్ చుట్టూ వేలు దూరేంత ఉంగరంలా ఉంటుందే, ఆ ఇనుప వంపు. "మీ స్టోర్ కీపర్ ఒక్క స్క్రూ మారలేదన్నాడు. మారకుండా ఉన్న తుపాకీ ఇంకోటేదో ఉండాలి మరి."

చిన్న బాబా నాకేసి తిరిగాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"మా తాత తుపాకీ ఎక్కడ?" అన్నాడు.

"ఇదే బాబా."

"ఇది కాదంటున్నాడు. తాళాలు నీ దగ్గర. మా తాతది ఎవరికి అమ్మావు? రేపు సాయంత్రం అసర్ నమాజు దాకా టైము. తర్వాత పోలీసులు అడుగుతారు. ఖలాస్."

తాళాలు అక్కడే బల్లమీద పెట్టమన్నాడు. పెట్టాను. తొమ్మిదేళ్ళు నడుముకి కట్టుకున్న బరువు పోతే మనిషి తేలికవ్వాలి. నేను నడవలేకపోయాను.

షెడ్డుకి వెళ్ళేసరికి ఉస్తాద్ ఖుబ్బూస్ రొట్టెలో పచ్చిమిరపకాయల నూరుడు పెట్టుకుని తింటున్నాడు.

"నా పని అయిపోయిందండి, ఉస్తాద్ గారూ. దొంగతనం అంటగట్టారు."

అంతా విన్నాడు. మధ్యలో ఒక్కటే అడిగాడు. "గార్డు కొత్తది అన్నడా? ఎన్నేండ్లది అన్నడు?"

"పదిహేనేళ్ళకి మించదన్నాడండి."

"పన్నెండు," అన్నాడు.

"పన్నెండో పాతికో, నేను జైలుకెళ్తుంటే ఇప్పుడా లెక్కలెందుకండీ!" అని విసుక్కున్నాను. ఆయన మిగిలిన రొట్టె మడిచి పక్కన పెట్టేశాడు. తిండి వదిలేయడం ఆయన దగ్గర నేను చూడటం అదే మొదలు.

మర్నాడు అసర్ తర్వాత, అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్‌లో కూర్చున్నాం. చిన్న బాబా, తెల్లాయన, గుమ్మం దగ్గర నేను. ఎవరూ పిలవకుండానే ఉస్తాద్ వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. సలాం చేసి, "బాబా, జర తుపాకీ నాకియ్యున్రి. దాని ఊర్లు జెప్త," అన్నాడు. ఆయన మాట్లాడింది ఉర్దూ, అరబ్బీ కలిపిన మాట. నా చెవికి మాత్రం కోరుట్ల తెలుగులాగే వినబడింది, అలాగే రాస్తున్నాను. తెల్లాయనకి చిన్న బాబా ఇంగ్లీషులో చెబుతూ వచ్చాడు.

కాఫీ గిన్నె ఇచ్చారు. కుడిచేత్తో అందుకుని తాగి, చాలని గిన్నె ఆడించి ఇచ్చేశాడు. మజ్లిస్‌లో ఇవ్వడం పుచ్చుకోవడం కుడిచేత్తోనే ఉండాలని ఇన్నేళ్ళలో నేర్చుకున్నాడు. తర్వాత స్క్రూడ్రైవరు ఎడమచేతిలోకి తీసుకున్నాడు. పని ఆ చేత్తోనే చేసేవాడు. భుజంమీది రుమాలు తివాచీ మీద పరిచి, తాతగారి తుపాకీని ముక్క తర్వాత ముక్క విప్పి దానిమీద పేర్చాడు.

గొట్టాన్ని గోటితో కొట్టి విన్నాడు. "ఇంగ్లిస్తాన్."

బోల్టు మీద సూది తిప్పి మట్టి తీసి, చిన్న చంద్రవంక చూపించాడు. "టర్కీ."

భుజానికి ఆనించే కట్టెను, దాన్ని కుందా అంటారు, వాసన చూశాడు. "అక్రోటు కట్టె. పెషావర్ మీది కొండలది."

వెండి పట్టీలు. "ఒమాన్ కంసాలి పని."

ఒక్కొక్క పేరుకీ తెల్లాయన సంబరంగా తల ఊపుతున్నాడు. ఒక్కొక్క పేరుకీ చిన్న బాబా ముఖం నల్లబడుతోంది. నాకైతే నా గొయ్యి నా కళ్ళముందే పార తర్వాత పార తవ్వుతున్నట్టుంది. నన్ను కాపాడటానికి వచ్చాడనుకున్నాను, ఈయన తెల్లాయన మాటే నిజమని రుజువు చేస్తున్నాడు!

మిగిలింది ట్రిగ్గర్ గార్డు. దాన్ని అరచేతిలో పెట్టుకుని వాసన చూడలేదు, కొట్టి వినలేదు. ఊరికే చూస్తూ ఉండిపోయాడు.

"ఇది?" అన్నాడు చిన్న బాబా.

"కోరుట్ల."

"అది ఏ దేశం?" అని తెల్లాయన పుస్తకంలో రాసుకోబోయాడు.

"దేశం కాదు, మా ఊరు. ఇనుము మాత్రం మీ ఉమ్ సలాల్‌దే. ఈడ బజార్ల దర్జీ పారేసిన కుట్టుమిషన్ల, కాలితోటి తొక్కితె చక్రాన్ని తిప్పే కడ్డీ ఉంటది గద, గది. కాల్చి, సాగగొట్టి, వంచి నేనే చేసిన. పన్నెండేండ్లయింది."

చిన్న బాబా లేచి నిలబడ్డాడు. "మా నాన్నతో పాత సామాన్ల సూక్‌లో దొరికిందని చెప్పావు. అసలుదే దొరికిందని. నేనప్పుడు పక్కనే ఉన్నాను."

"అన్న."

"అబద్ధం చెప్పావా? నువ్వు?"

ఆ 'నువ్వు' వినడానికి కష్టంగా ఉంది. దోహాలో పాత సామాను కొనే పెద్దింటివాళ్ళు ఎంతమందో కొనేముందు ఉస్తాద్‌కి చూపించేవారు. ఆయన నోటిమాటే ముద్ర. ఒక్క అబద్ధం బయటపడితే ఇరవయ్యేళ్ళుగా ఆయన చెప్పిన ఊళ్ళన్నీ అనుమానంలో పడతాయి.

"చెప్పిన బాబా. పాత గార్డు విరిగి ఎటో పోయింది. కొత్త ముక్క పెట్టొద్దు, పాతదే దేవులాడుమన్నడు పెద్ద బాబా. నెల దినాలు తిరిగిన, దొరకలే. ట్రిగ్గర్ బోడిగ కనబడుతుంటె నాకు పానం పట్టలే. చేసి పెట్టి, దొరికిందన్న. ఆయన వేలు పెట్టి చూసిండు. షూఫ్, షూఫ్ అని అందరిని పిలిచి జూపిచ్చిండు. ఇసొంటి పని చేసే చెయ్యి ఇప్పుడు దునియాల లేదన్నడు. గప్పుడు నాకు నోరు రాలే."

చిన్న బాబా నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. "దోస్తును తప్పించడానికి చెబుతున్నావు."

"ఒక ఇనుప బద్ద, ఒక ఆకురాయి తెప్పియ్యున్రి."

తెప్పించారు. మజ్లిస్ తివాచీ మీద కూర్చుని ఆ బద్దను ఆకురాయితో పదిసార్లు రుద్దాడు. తర్వాత బద్దనూ, గార్డునూ పక్కపక్కన పెట్టి తెల్లాయన ముందుకి జరిపాడు. "లోపలి దిక్కు చూడున్రి. కుడిచేతోడు ఆకురాయి పడితే గీతలు ఇటు వాల్తయి. నేను పుర్రచేతోణ్ణి. నావి అటు వాల్తయి. లోపల ఎవరు చూస్తరని నున్నగ చెయ్యలే."

తెల్లాయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. చూసి, నావైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో పొడుగ్గా అన్నాడు. నాకప్పుడు ప్రాణం ప్రాణంలో లేదు. "అదే చెయ్యి అంటున్నారండి," అని మాత్రం చెప్పగలిగాను.

"మరింక జెప్పున్రి బాబా," అన్నాడు ఉస్తాద్. "ఈ గార్డు నేను పెట్టింది మీ తాత తుపాకీకి. కుందాల గుంట తొలిచి కూసోబెట్టిన, చూడున్రి, ఎంటిక సందు లేదు. తుపాకీ మారితె నా ముక్క దీనిమీద ఎట్లుంటది?"

"మా తాతది ఇంగ్లండు నుంచి వచ్చింది కదా? అంతా ఒకే ఫ్యాక్టరీది కదా?"

"అట్లని ఎవరన్నరు?"

అందరూ నన్ను చూశారు. నేను మజ్లిస్ కప్పుకి వేసిన దూలాలు లెక్కపెట్టాను. పదకొండు.

ఉస్తాద్ కుందాను ఎత్తి చిన్న బాబా చేతుల్లో పెట్టాడు, కుడిచేత్తో. "ఆయన ఒక్కపారి కొన్నడో, దొరికిన ముక్కల్ల దొరికినట్టు కూర్చుకున్నడో నాకు తెల్వది. గని గీడ కట్టె అరిగింది చూడున్రి, చెంప ఆనిన జాగ. బోల్టు పిడి మీద గిది బొటనవేలు అరిగిన జాగ. ఏండ్లకేండ్లు ఒకటే చెంప, ఒకటే వేలు. ముక్కలు నాలుగు దేశాలయి, గని వాడినోడు ఒక్కడే. మీ తాత."

చిన్న బాబా ఆ అరిగిన చోట చెంప ఆనించాడు. అతని చెంప ఆ గుంటలో సరిగ్గా కూర్చుందని నేను చెబితే మళ్ళీ కోతలంటారు. ఎలా కూర్చుందో నాకు తెలీదు, ఎందుకంటే అతను చాలాసేపటిదాకా తల ఎత్తలేదు.

తెల్లాయన మెల్లిగా, "కావాలంటే ఈ రకానికి సరిపోయే పాత గార్డు మా దేశంలో వెతికి పంపిస్తాను," అన్నాడు.

చిన్న బాబా గార్డులోకి చూపుడువేలు దూర్చాడు. అటూ ఇటూ తిప్పాడు. "లా, వద్దు. ఇదే ఉండనీ," అన్నాడు. జేబులోంచి తాళాలు తీసి నా చేతిలో పెట్టాడు. ఉస్తాద్‌ని చూసి కాఫీ కూజా తనే అందుకుని ఒక గిన్నెలోకి వంచాడు. ఇంటి యజమాని ఉస్తాద్ చేతికి కాఫీ పోసి ఇవ్వడం ఆ మజ్లిస్‌లో అదే మొదటిసారి. ఉస్తాద్ మూడు గిన్నెలు తాగాడు.

బయటికి వచ్చాక ఖర్జూరపు చెట్ల మధ్య నేను ఆయన చేతులు రెండూ పట్టేసుకున్నాను. "నాకోసం మీ పరువు పోగొట్టుకున్నారండి ఉస్తాద్ గారూ! ఈ రుణం ఎలా..."

"ఎవని పరువు పోయింది?" అని ఆయన చేతులు విడిపించుకున్నాడు. "పన్నెండేండ్లు తమ్మీ! వచ్చినోడల్లా ఆ గార్డు చూసి, వాహ్, ఇంగ్లీషోని పని అంటడు. నీయవ్వ, నువ్వు సుత దినాం అదే ముచ్చట, ఒక్క స్క్రూ మారలేదని. పక్కన నిలబడి వినాలె నేను. నా పని, వేరేటోని పేరు! పెషావర్‌ల కొలిమికాడ కూసున్నోనికి, నాకు ఏం తేడా? చెప్పుకుందమంటే మోక దొరకలే. నీ మీద దొంగతనం రాకపోతే ఈ ముచ్చట నాతోనే మట్టిల కలుస్తుండె."

పది అడుగులు వేసి ఆగాడు.

"తమ్మీ, ఆ తెల్లాయన పొడుగు మాట ఏదో అన్నడు గద. నువ్వు సగమే జెప్పినవ్. ఏమన్నడు?"

"'అదే చెయ్యి. కొత్తదని కనిపెట్టాను గాని, ఇంత బాగా చేసిన ఆ మనిషెవరో అని నిన్నటినుంచీ ఆలోచిస్తున్నాను,' అన్నాడండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, దారం మళ్ళీ చెవికి చుట్టుకున్నాడు.

"మల్లొకపారి జెప్పు," అన్నాడు.

షెడ్డు చేరేలోపల నాచేత మూడుసార్లు చెప్పించుకున్నాడు.